దైవభక్తియందు సాధకము

చదువవలసిన వాక్యభాగములు: 2 పేతురు 1:3-15, హెబ్రీయులకు 12:25-29, యిర్మీయా 6:27-30

అపొస్తలుడైన పౌలు ఎఫెసులోనున్న తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయములో దైవభక్తిని గూర్చి చెప్పుచు ఒక విచిత్రమైన క్రియాపదమును వాడెను. తెలుగు బైబిలు తర్జుమాదారులు దానికి "సాధకము" అను మాటను ఎన్నుకొనిరి. గ్రీకు మూలములో అది వ్యాయామశాలకు చెందిన మాట. మల్లుడు ప్రతి ఉదయమును గోదాలోనికి దిగి, నిన్న ఎత్తలేని బరువును నేడు ఎత్తుటకు దేహమును అలవాటు చేయునట్లు, విశ్వాసి భక్తి విషయములో తన్ను తాను అలవాటు చేసికొనవలెనని అపొస్తలుని భావము. బాప్తిస్మపు తొట్టిలోనుండి పైకి వచ్చిన దినముననే శీలము సంపూర్ణమగునని వాక్యము ఎక్కడను చెప్పలేదు.

అయితే ఈ సాధకము రక్షణకు చెల్లించు వెల కాదు. పేతురు తన రెండవ పత్రికలో విశ్వాసి అమర్చుకొనవలసిన గుణముల వరుసను చెప్పకమునుపే, జీవమునకును భక్తికిని కావలసినవన్నియు దేవుని శక్తి ముందుగానే దయచేసియున్నదని వ్రాసెను. ఇచ్చువాడు మొదట ఇచ్చెను; పిమ్మటనే పూర్ణజాగ్రత్తగలవారై యుండుడని హెచ్చరిక వచ్చెను. ఈ క్రమమును తారుమారు చేసినవాడు గర్వములోనైనను నిరాశలోనైనను పడును. క్రమమును ఒప్పుకొని హెచ్చరికను మాత్రము విడిచిపెట్టువాడు సోమరితనములో పడును. నేటి సంఘములలో ఈ మూడవ అపాయమే ఎక్కువగా కనబడుచున్నది.

తెలుగు భాషలో భయమును భక్తియు జంటగా "భయభక్తులు" అను ఒకే మాటయైనవి. ఇది మన భాషకు కలిగిన మేలు అని చెప్పవచ్చును. ఏలయనగా ప్రేమలేని భయము బానిసత్వమగును, భయములేని భక్తి చనువై చివరకు చులకనయగును. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో ఇట్టి భయభక్తులను తెలుపుటకు వాడబడిన ఒక గ్రీకు నామవాచకము క్రొత్త నిబంధన అంతటిలో రెండు చోట్లనే కనబడుచున్నది. పండ్రెండవ అధ్యాయము 28వ వచనములో అది విశ్వాసులు దేవుని సేవింపవలసిన విధమును తెలుపుచున్నది. అంతకుముందు అయిదవ అధ్యాయము 7వ వచనములో అదే మాట క్రీస్తుయేసు శరీరధారియైయున్న దినములలో కన్నీళ్లతో చేసిన ప్రార్థనలను గూర్చి చెప్పబడినది. కుమారుడై యుండియు ఆయన భయభక్తులు గలవాడై ప్రార్థించెను, అందువలననే అంగీకరింపబడెను. కాబట్టి భయభక్తులు దాసులు యజమానుని యెదుట వణకుటవంటివి కావు. కుమారత్వములోనే అవి తమ నిండు రూపమును పొందినవి.

అదే పత్రిక మొదటి అధ్యాయములో కుమారుడు తండ్రి తత్త్వముయొక్క మూర్తిమంతమని చెప్పబడినచోట నాణెముమీద పడు అచ్చుకు వాడు గ్రీకు మాట ఉన్నది. ఆంగ్లేయులు శీలమునకు వాడు మాట ఆ గ్రీకు మాటనుండియే పుట్టినది. అచ్చు లోహముమీద పడవలెనంటే లోహము మెత్తబడవలెను, దెబ్బకు ఓర్వవలెను. ఈ సంగతి పుస్తకములలో చదువుటకంటె ఉక్కు పట్టణములో నివసించుట వలన బాగుగా తెలియును.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని దుర్గ్ జిల్లాలో భిలాయి పట్టణము కలదు. 1955 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వమును సోవియట్ ప్రభుత్వమును చేసికొన్న ఒడంబడికనుబట్టి అక్కడ ఉక్కు కర్మాగారము కట్టబడెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కాలమున ఆ ప్రాంతము మధ్యప్రదేశ్‌లో నుండెను. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడెను. ఈ భిలాయిలోని ఒక భాగమే మరోదా. కర్మాగారమునకు నీరు నిలువచేయు జలాశయము అక్కడనే యున్నది. దుర్గ్ నుండి దల్లీ-రాజహరా గనులకు పోవు రైలుమార్గముమీద మరోదా ఒక స్టేషను. ఆ గనులలో త్రవ్వబడిన ఎఱ్ఱని ఇనుపరాయి ఆ మార్గముననే కొలిమికి చేరును. విజయనగరము నుండి రాయపూర్ వరకు వేయబడిన రైలుమార్గము తెలుగు జిల్లాలను ఈ ప్రాంతముతో కలిపినది. పని వెదకికొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు తమ భాషను, పాటలను, బైబిలును వెంటబెట్టుకొని వచ్చినవి.

ఇనుపరాయిలో ఇనుము సమృద్ధిగా నున్నను ఆ రాతితో పట్టా చేయలేరు. దానిని కోకుతోను సున్నపురాతితోను కలిపి కొలిమిలో వేసి, క్రిందనుండి వేడిగాలి ఊదుదురు. రాతిలోని మట్టియు ఇసుకయు సున్నముతో కలిసి చిట్టెమై ద్రవలోహముపైన తేలును. దానిని వేరుగా తీసివేయుదురు. అంతటితో పని ముగియలేదు. కొలిమినుండి వచ్చిన ఆ ద్రవ ఇనుములో నూటికి ఇంచుమించు నాలుగు పాళ్లు కర్బనముండును. అది గట్టిదే గాని పెళుసుగా నుండును. దెబ్బ తగిలిన వంగక విరిగిపోవును. తరువాత కన్వర్టరులో ప్రాణవాయువును ఊది ఆ కర్బనమును తగ్గించినప్పుడే అది ఉక్కు అగును. క్రొత్తగా రక్షణానందము పొందినవారిలో కొందరి ఆసక్తి ఆ మొదటి ఇనుమువంటిది. గట్టిగా మాటలాడుదురు, ఇతరులను గట్టిగా తీర్పు తీర్చుదురు. ఒక అవమానము కలిగిన దినమున విరిగిపోవుదురు. వారి ఆసక్తి అబద్ధము కాదు. ఇంకను ఉక్కు కాలేదు, అంతే.

యిర్మీయా ప్రవక్తను దేవుడు తన జనులమధ్య లోహమును పరీక్షించువానిగా నిలిపెనని ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ వర్ణన భయంకరమైనది. తిత్తులు బుసకొట్టినవి, సీసము అగ్నిలో కరగిపోయినది, శుద్ధిచేయువాడు అలసినాడు. అయినను దుష్టత్వము వేరుకాలేదు. అందుచేత ఆ జనులకు త్రోసివేయబడిన వెండి అను పేరు కలిగెను. శ్రమ తనంతట తానే ఎవనిని పరిశుద్ధపరచదని ఈ భాగము తేటగా నేర్పుచున్నది. "కష్టములు పడినవాడు మంచివాడగును" అని లోకులు అనుకొందురు. అది సగము నిజము మాత్రమే. ఒకే కొలిమిలో ఒకడు మెత్తబడును, ఇంకొకడు కఠినుడగును. రోమీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్ష అను క్రమము కలదు. అక్కడ "పరీక్ష" అనగా పరీక్షలో నిలిచి యోగ్యమని తేలిన గుణమని అర్థము. ఆ క్రమములో మధ్యనున్న ఓర్పును తీసివేసిన యెడల శ్రమనుండి చేదుతనము తప్ప మరేమియు పుట్టదు. ఇక్కడ ఒక భేదమును మరువరాదు: ఇనుము కొలిమిని కాదనలేదు, మనుష్యుడు కాదనగలడు.

భారత రైల్వేలకు పట్టాలు చేయుటలో భిలాయికి గొప్ప పేరు కలదు. 260 మీటర్ల పొడవుగల పట్టాలను కూడ అక్కడ సిద్ధపరచుదురు. ఇట్టి పట్టాకు శత్రువు పైకి కనబడు తుప్పు మాత్రమే కాదు. ద్రవముగానున్న ఉక్కులోనికి ముడిపదార్థముల చెమ్మవలన హైడ్రోజన్ అను వాయువు చేరును. వేడిగా నున్నంతకాలము అది లోపల దాగియుండును. ఉక్కు చల్లారునప్పుడు నిలువ చోటులేక లోలోపల వెండ్రుకవలె సన్నని పగుళ్లను పుట్టించును. పట్టా నున్నగా నుండును, మెరయును, కొలతలు సరిగా నుండును. పైనుండి చూచువానికి లోపమేమియు అగపడదు. కాని వేల చక్రములు దానిమీద దొర్లిన పిమ్మట ఆ పగులు పెరిగి ఒకనాడు పట్టా విరుగును. ఆనాడు నష్టపోవునది పట్టా ఒక్కటే కాదు. అందుచేత పోతపోయకమునుపే ద్రవ ఉక్కును గాలిలేని పాత్రలో శుద్ధిచేసి ఆ వాయువును లాగివేయుదురు. తరువాత చెవికి వినబడని శబ్దతరంగములను పట్టాలోనికి పంపి లోపలిభాగమును పరీక్షింతురు.

దావీదు ఏబది ఒకటవ కీర్తనలో దేవుడు అంతరంగమునందలి సత్యమును కోరుచున్నాడని గ్రహించెను. బత్షెబ విషయములో అతడు చేసిన పాపము బయలుపడకమునుపు అతని సింహాసనము మెరయుచునే యుండెను, దండు జయించుచునే యుండెను, తీర్పులు సాగుచునే యుండెను. నాతాను వచ్చువరకు పగులు లోపలనే యున్నది. నూట ముప్పది తొమ్మిదవ కీర్తన ముగింపులో దేవుడు తన్ను పరిశోధింపవలెనని వేడుకొనుట తనవలన కాని పరిశోధనను దేవునికి అప్పగించుటయే. లోపలికి చెమ్మ వచ్చిన దారి మిక్కిలి చిన్నది కావచ్చును. తోటివాని పదోన్నతి వినినప్పుడు కలిగిన ఒక అసూయ, దాచుకొన్న ఒక పగ, భార్యకు తెలియకుండ ఉంచుకొన్న ఒక అప్పు. ఇవి వేడిగానున్న దినములలో, అనగా ఉజ్జీవ కూటముల దినములలో, కనబడవు. చల్లారునప్పుడు కనబడును.

ఇక పనిస్థలమునకు రావలెను. కొలిమి రాత్రింబగళ్లు మండవలసినది. ఆదివారమని దానిని ఆర్పుటకు వీలులేదు. కాబట్టి మూడు షిఫ్టులలో పనిచేయు విశ్వాసికి అనేక ఆదివారములు ఆరాధన సమయమున డ్యూటీ పడును. దీనినిబట్టి కొందరు మనస్సాక్షి బాధకు లోనగుదురు. మరికొందరు దీనినే సాకుగా పట్టుకొని, సెలవు కలిగిన ఆదివారమున కూడ మందిరమునకు రారు. విశ్రాంతిదినమున ఆలయములో పరిచర్యచేయు యాజకులు నిర్దోషులని ప్రభువు మత్తయి 12వ అధ్యాయములో చెప్పెను. గుంటలో పడిన గొఱ్ఱెను పైకి తీయుట తగునని కూడ చెప్పెను. నిలుపరాని పనిని నిలుపనివాడు దోషి కాడు. అయితే అట్టివాడు దేవుని సన్నిధికి ఇయ్యవలసిన గడియను వారములో మరియొకచోట వెదకి ఇయ్యకపోయిన యెడల, కొలిమి ఆరకపోయినను అతని బలిపీఠము ఆరిపోవును.

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో పౌలు, చూచువారి కన్నులకొరకు మాత్రమే చేయు సేవను సూచించుటకు ఒక సమాసమును వాడెను. దానికి ఎదురుగా ప్రభువునకు భయపడుటను నిలిపెను. ఆ మాటలు మొదట దాసులకు వ్రాయబడినవి. దాసత్వము మంచిదని పౌలు అక్కడ చెప్పలేదు; వెంటనే నాలుగవ అధ్యాయము మొదటి వచనములో యజమానులకును పరలోకమందు యజమానుడున్నాడని జ్ఞాపకము చేసెను. కాబట్టి ఆ వాక్యమును కార్మికునికి మాత్రము చదివి వినిపించి అధికారికి చదువకపోవుట అన్యాయము.

రాత్రి షిఫ్టులో రెండు గంటలైనది. గంటగంటకు మీటరు వద్దకు పోయి, చూచి, పుస్తకములో లెక్క వ్రాయవలెను. చలి, నిద్ర, దూరము. గత గంట లెక్కనే ఒకటి రెండు అంకెలు మార్చి వ్రాసిన యెడల ఎవనికి తెలియును? ఇట్టి చోటనే శీలము అచ్చుపడుచున్నది. కొలిమి వాయువులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అంకెలే దాని ఉనికిని చెప్పవలెను. భిలాయి కర్మాగారములో 2014 జూన్‌లోను 2018 అక్టోబరులోను జరిగిన గ్యాసు ప్రమాదములలో పనివారు ప్రాణములు కోల్పోయిరి. వాటి కారణములను విచారించుట ఈ పాఠము పని కాదు. అయితే అట్టి స్థలములో చూడక వ్రాసిన ఒక్క అంకె కూడ పొరుగువాని ప్రాణమునకు సంబంధించినదని విశ్వాసి ఎరిగియుండవలెను. అక్కడ అబద్ధమాడకుండుటయు పొరుగువానిని ప్రేమించుటయు ఒకటే ఆజ్ఞయగును. నడిచిపోయి మీటరు చూచి వచ్చినవాడు ఆ రాత్రి పాట పాడకపోయినను దేవుని ఆరాధించినవాడే.

రొట్టెకొరకు వచ్చినవారిలో భక్తి నిలుచునా అను ప్రశ్న క్రొత్తది కాదు. యోహాను ఆరవ అధ్యాయములో రొట్టెలు తిని తృప్తి పొందినందుననే తన్ను వెదకుచున్న జనులను ప్రభువు తిన్నగా ప్రశ్నించెను. తెలుగు క్రైస్తవ చరిత్రలోను ఈ ప్రశ్న ఒకసారి మహా తీవ్రముగా లేచినది. 1866లో ఒంగోలులో పరిచర్య ప్రారంభించిన జాన్ క్లౌ దొరగారియొద్దకు మొదట వచ్చినవారిలో తోళ్ల వర్తకము చేయు ఎఱ్ఱగుంట్ల పేరయ్య ఒకడు. ఆయన అంతకుముందే సత్యదేవుని వెదకుచుండిన యోగసాధకుడు. ఆయన వెనుక వచ్చిన మాదిగ కుటుంబములకు మూడు నియమములు ఇయ్యబడెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశుమాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేడు చదువువారికి ఇవి చిన్న నియమములుగా తోచవచ్చును. ఆనాడు గ్రామపు కూలియు తిండియు పూర్తిగా ఇతరుల చేతిలోనుండిన ప్రజలకు, ఆదివారము పనికి రామని చెప్పుట పూట గడుచు దారిని పణముగా పెట్టుటయే. డప్పు కొట్టుటకు రామన్నవారు గ్రామపు కోపమును భరింపవలసి వచ్చెను. వారి భక్తి మాటలలో గాక మానివేసిన కూలిలో తూయబడినది.

తరువాత 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతట కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో ఒక భాగమును త్రవ్వించు గుత్తను తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. ఉచితముగా పంచిపెట్టుటకు బదులు కూలి ఇచ్చిరి; త్రవ్వుచున్న గుంపులమధ్య బోధకులే మేస్త్రీలై తిరుగుచు, విరామవేళ సువార్త చెప్పుచుండిరి. వేలమంది బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. కరవు సహాయము సాగుచున్నంతకాలము, ఇంచుమించు పదునైదు నెలలు, బాప్తిస్మములను నిలిపివేసిరి. సహాయము ఆగిన తరువాతను వారు వచ్చుచునేయుండిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదియొద్ద ఒక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను సంఘములలో తరచుగా చెప్పుకొందురు. అయితే ధ్యానింపదగినది ఆ పదునైదు నెలల ఆలస్యము. దేవుని సంగతులను తొందరపడి ముట్టరాదను భయమును, మనుష్యుల మనస్సును తేలికగా అనుమానింపరాదను ప్రేమయు ఆ నిర్ణయములో కలిసియున్నవి. భయభక్తులు ఒక సంఘనాయకుని కార్యములో ఎట్లుండునో చూడగోరినవారు అక్కడ చూడవచ్చును.

పని వెదకికొని ఉక్కు పట్టణమునకు వచ్చిన కుటుంబములకు ఇంకొక పరీక్ష ఇంటిలోనే యున్నది. పిల్లలు బడిలో హిందీలో చదువుదురు, వీధిలో ఛత్తీస్‌గఢీ విందురు, ఇంట తెలుగు మాటలాడుదురు. అనేకులకు తెలుగు అక్షరములు రావు. తాత చేతనున్న తెలుగు బైబిలు మనుమనికి మూసిన పుస్తకమగుచున్నది. లోయి అను అవ్వయందును యునీకే అను తల్లియందును ఉండిన విశ్వాసము తిమోతియందు కూడ ఉన్నదని పౌలు వ్రాసెను. ఆ బాలుని తండ్రి గ్రీసుదేశస్థుడు, ఊరు లుస్త్ర ప్రాంతము, వీధిభాష వేరు. అయినను బాల్యమునుండి పరిశుద్ధ లేఖనములు అతనికి తెలియజేయబడెను. దినమునకు పది నిమిషములు ఒక వచనము చదివించి అక్షరములు నేర్పుట ఏ తల్లిదండ్రులకును అసాధ్యము కాదు. నేర్పలేనివారు హిందీ బైబిలునైనను పిల్లల చేతికి ఇచ్చి కలిసి చదువవలెను. భాష పోవుట దుఃఖకరమే గాని వాక్యము పోవుట అంతకంటె దుఃఖకరము. అయితే పిల్లలు వచనములకంటె ముందుగా పెద్దల ముఖములను చదువుదురు. ప్రార్థన ముగించి లేచిన తల్లి కూరగాయల అమ్మితో ఎట్లు బేరమాడుచున్నదో, ప్రసంగము విని వచ్చిన తండ్రి భోజనమునొద్ద పాదిరిగారిని గూర్చి ఏమని పలుకుచున్నాడో వారు గమనింతురు. భక్తి వారికి మొదట అక్కడ బోధపడును.

పేతురు చెప్పిన వరుసలో భక్తి చివరిది కాదు. దాని తరువాత సహోదర ప్రేమయు, దానికి పైన అందరియెడల ప్రేమయు కలవు. భక్తివద్దనే ఆగిపోయి, సహోదరునితో మాటలాడని పెద్దలను చూడని సంఘము అరుదు. మరోదావంటి చోట పొరుగింటివారు ఒడియావారో, బెంగాలీలో, మలయాళీలో, ఆ నేలలో పుట్టిన ఛత్తీస్‌గఢ్ ప్రజలో అయియుందురు. వారి పండుగలు, మొక్కులు వేరు. పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయములో, నిరీక్షణకు హేతువు అడుగువారికి సాత్వికముతోను భయముతోను ఉత్తరమియ్యుమని కోరెను. దేవుని యెదుట వంగినవాడు మనుష్యుని యెదుట ఎగసిపడి మాటలాడలేడు. పొరుగువాని దేవతలను ఎగతాళి చేసి తన విశ్వాసమును గొప్పచేయజూచువాడు ఆ అపొస్తలుని రెండు పత్రికలను ఇంకను చదువవలసియున్నది.

ఈ వరుసను వ్రాయునప్పటికి పేతురు వృద్ధుడు. తన గుడారమును త్వరగా విడిచిపెట్టవలసి వచ్చునని ప్రభువు తనకు సూచించెనని పదునాలుగవ వచనములో చెప్పుచున్నాడు. ఉద్యోగవిరమణ దినమున కార్మికుడు గుర్తింపు కార్డును అప్పగించును. కంపెనీ క్వార్టరులో నున్నవాడు దానిని గూడ ఖాళీచేయవలెను. ముప్పది సంవత్సరములు తాను కాపురమున్న గోడలు, నాటిన మామిడిచెట్టు, గేటుమీద వ్రాయించిన పేరు అన్నియు వెనుక నిలిచిపోవును. పేతురుకు ఆ దినము దగ్గరపడియున్నది. అయినను ఆయన క్రొత్త సంగతులేవియు వ్రాయలేదు. వారు ఎరిగినవాటినే, స్థిరపడియున్నవాటినే మరల జ్ఞాపకము చేయుట తనకు న్యాయమని తోచినదని చెప్పి, తాను వెళ్లిపోయిన తరువాతను వారు ఎప్పుడైనను వాటిని జ్ఞాపకము చేసికొనగలుగునట్లు జాగ్రత్తపడుచుండెను.